పీరియడ్ 43 తేలికట, 19 కష్టమట: గేమ్ ఆఫ్ లైఫ్ ఆసిలేటర్ల మీద రెండు ప్రశ్నలు

కెఆర్‌పురం_కుర్రాడు

అందరికీ నమస్తే. బెంగళూరు ఎస్పీ రోడ్డులో 8×8 ఎల్ఈడీ మ్యాట్రిక్స్‌లు నాలుగు వరసగా అతికించిన పట్టీ ఒకటి దొరికింది, మ్యాక్స్7219 చిప్పులతో వచ్చేది. దాన్ని ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్‌కి తగిలించి, గణితవేత్త కాన్వే చేసిన గళ్ళ ఆట గేమ్ ఆఫ్ లైఫ్ ఎక్కించాను. సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల స్టాళ్ళు పెడుతున్నారు, అక్కడ ఆసిలేటర్లు ఆడించి చూపించాలని ఉంది.

బ్లింకర్, టోడ్, బీకన్ మూడూ చక్కగా ఆడుతున్నాయి. గొడవంతా పెంటాడెకాథ్లాన్‌తోనే. పది గళ్ళు ఒకే వరసలో వెలిగించి వదిలేస్తే అదే పీరియడ్ 15 ఆసిలేటర్‌గా మారుతుందని చదివాను. నా బోర్డు మీద కొన్ని తరాలు బాగానే పోతుంది, తర్వాత ఒక పక్క చెదిరి మొత్తం పాడైపోతుంది. నియమాలు సరిగ్గానే రాశానని గట్టి నమ్మకం, ఎందుకంటే మిగతావన్నీ ఆడుతున్నాయి కదా.

రెండో ప్రశ్న స్టాల్‌కి సంబంధం లేనిది, కానీ నిద్ర పట్టనివ్వడం లేదు. 43, ఆ పైన ఏ పీరియడ్ కావాలన్నా చేసే పద్ధతి 2013 నుంచే ఉందట. 19, 41 మాత్రం 2023 దాకా దొరకలేదట. చిన్న సంఖ్య తేలిగ్గా, పెద్ద సంఖ్య కష్టంగా ఉండాలి గానీ ఇలా తలకిందులైందేంటి?

గళ్ళనోటు

మొదటిది వెంటనే తేలుతుంది తమ్ముడూ. నీ కోడ్‌లో తప్పు లేదు, బోర్డు చాల్లేదు. పెంటాడెకాథ్లాన్ ఒక చుట్టు పూర్తి చేసేలోపు 9×16 గళ్ళ చోటు వాడుకుంటుంది. మొదట వేసిన గీతకి పైన నాలుగు వరసలు, కింద నాలుగు వరసలు, మధ్యలో గీత ఉన్న వరస. నీ పట్టీకి ఉన్నవి ఎనిమిదే. ఆ తొమ్మిదో వరసలో పుట్టాల్సిన గళ్ళు పుట్టకపోతే పైకీ కిందకీ ఉన్న సమానత్వం పోతుంది, అది ఒక్కసారి పోయిందంటే ఇక కోలుకోదు.

దారి రెండు రకాలు. మెమరీలో 16×40 ప్రపంచం పెట్టుకుని, అందులో మధ్య 8×32 ముక్కని మాత్రమే ఎల్ఈడీల మీద చూపించొచ్చు. అప్పుడు ఆట చెడదు గానీ ఒక అంచు కనపడదు. నన్నడిగితే అలాంటి పట్టీయే ఇంకోటి కొని కింద అతికించు. 16×32 అయితే పెంటాడెకాథ్లాన్ అడ్డంగా పడుతుంది, పీరియడ్ 3 ఆసిలేటర్ పల్సర్ కూడా పడుతుంది. పల్సర్‌కి 15×15 చాలు.

రెండో ప్రశ్నకి రాత్రి తీరిగ్గా రాస్తాను. అది ఒక పేరాలో తేలేది కాదు.

రాత్రిషిఫ్ట్

ఇక్కడ నాలాంటి వాళ్ళు కూడా ఉన్నారు, కాస్త మొదటి నుంచి చెప్పండి. గేమ్ ఆఫ్ లైఫ్ అంటే గళ్ళు వెలగడం, ఆరడం అని తెలుసు. ఆసిలేటర్ అని దేన్ని అంటారు? పీరియడ్ అంటే ఏం లెక్కపెడతారు?

జయనగర్_టీచర్

దీనికి నేను చెప్తాను, ఏడో తరగతి వాళ్ళకి ఏటా చేయించేదే. కంప్యూటర్ అక్కర్లేదు. నేల మీద సుద్దతో గళ్ళు గీసి చింతపిక్కలు పెడతాం. కాన్వే కూడా కంప్యూటర్ మీద మొదలుపెట్టలేదు, గో ఆట బల్ల మీద గవ్వల్లాంటి బిళ్ళలు పెట్టి చూసుకునేవాడు. 1970 అక్టోబర్ సైంటిఫిక్ అమెరికన్‌లో మార్టిన్ గార్డ్‌నర్ రాయడంతో ప్రపంచానికి తెలిసింది.

ప్రతి గడికీ చుట్టూ ఎనిమిది పొరుగు గళ్ళు. పిక్క ఉన్న గడికి పొరుగున రెండో మూడో పిక్కలుంటే అది నిలుస్తుంది, అంతకన్నా తక్కువైనా ఎక్కువైనా పోతుంది. ఖాళీ గడికి పొరుగున సరిగ్గా మూడు ఉంటే అక్కడ కొత్త పిక్క పుడుతుంది. ఇంతే.

ఇప్పుడు మూడు పిక్కలు అడ్డంగా ఒక వరసలో పెట్టండి. ఎడమ కొసన ఉన్నదానికి పొరుగు ఒక్కటే, కుడి కొసన ఉన్నదానికీ ఒక్కటే, కాబట్టి రెండూ పోతాయి. మధ్యదానికి రెండు, అది నిలుస్తుంది. మధ్యదానికి సరిగ్గా పైనున్న ఖాళీ గడిని చూడండి: దాని కింద వరసలో మూడు పిక్కలూ దానికి పొరుగే, కాబట్టి అక్కడ పుడుతుంది. కింద గడిలోనూ అంతే. అడ్డగీత నిలువుగీత అయింది. మళ్ళీ చేస్తే అడ్డగీత. రెండు తరాలకి మొదటి రూపం, మొదటి చోటు. ఇదే బ్లింకర్, దీని పీరియడ్ 2. ఎన్ని తరాలకి అదే రూపం అదే చోట తిరిగి వస్తుందో అదే పీరియడ్. రూపం తిరిగొచ్చినా చోటు జరిగిపోతే దాన్ని స్పేస్‌షిప్ అంటారు, గ్లైడర్ ఆ జాతిది.

పిల్లలు ఎక్కడ తడబడతారంటే, కొసన ఉన్న పిక్క పోతుందని తెలియగానే తీసేస్తారు. అది తీసేయగానే మధ్యదాని లెక్క మారిపోతుంది, బ్లింకర్ ఆగిపోతుంది. అందుకని పోవాల్సిన పిక్క మీద సుద్దముక్క, పుట్టాల్సిన గడిలో శనగగింజ పెట్టిస్తాను. బల్లంతా చూశాకే ఒక్కసారిగా మార్చాలి. ఆ "ఒక్కసారిగా" అన్న నియమం వల్లే ఆసిలేటర్లు బతుకుతున్నాయి. ఈ ముక్క చేత్తో చేస్తేనే ఒంటబడుతుంది, తెర మీద చూస్తే పట్టదు.

రాత్రిషిఫ్ట్

థాంక్యూ టీచర్ గారూ, ఇప్పుడు పట్టింది. అయితే ఒక డౌట్. బ్లింకర్ పీరియడ్ 2, పల్సర్ పీరియడ్ 3 అంటున్నారు. రెండూ ఒకదానికొకటి తగలకుండా ఒకే బోర్డు మీద పెడితే బోర్డంతా 6 తరాలకోసారి మొదటికి వస్తుంది కదా? అంటే పీరియడ్ 6 ఆసిలేటర్ ఊరికే వచ్చేసినట్టేనా? అలా క.సా.గు. వేసుకుంటూ పోతే అన్నీ వచ్చేస్తాయిగా.

గళ్ళనోటు

మంచి ప్రశ్న. అలాంటివాటిని లెక్కలోకి తీసుకోరు. కనీసం ఒక్క గడైనా పూర్తి పీరియడ్‌తో ఆడాలి. నువ్వు చెప్పిన బోర్డులో ప్రతి గడీ రెండు తరాలకో మూడు తరాలకో మొదటికి వస్తుంది, ఆరు తరాలు తీసుకునే గడి ఒక్కటీ లేదు.

పైగా క.సా.గు. దారి ప్రధాన సంఖ్యల దగ్గర మూసుకుపోతుంది. 19 ప్రధాన సంఖ్య. 19 రావాలంటే కలిపేవాటిలో ఒకటి 19 అయి తీరాలి. 23 అంతే, 41 అంతే. అందుకే అలాంటివి చాలాకాలం మిగిలాయి. 23 కి 2019లో దొరికింది, దానికి గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ పేరు పెట్టారు, ఆయన ప్రకటించిన 23 సమస్యల గుర్తుగా. 38 కి 2022లో దొరికింది. ఇది గమనించు: 38 అంటే 2, 19 ల లబ్ధం. అప్పటికి 19 లేదు కాబట్టి ఊరికే కలిపి చేసే అవకాశం కూడా లేదు, నేరుగా 38 నే పట్టుకున్నారు.

ఇక తలకిందుల ప్రశ్న. పెద్ద పీరియడ్లు ఎలా వస్తాయో ముందు చూడాలి.

గ్లైడర్ నాలుగు తరాలకి ఒక గడి చొప్పున ఐమూలగా నడుస్తుంది. దాని దారిలో ఒక అడ్డు పెట్టి 90 డిగ్రీలు తిప్పగలిగితే, అలాంటివి నాలుగు పెట్టి గ్లైడర్‌ని గుండ్రంగా తిప్పొచ్చు. ఒక చుట్టుకి ఎన్ని తరాలు పడితే అదే పీరియడ్. చుట్టు పెద్దది చేస్తే పీరియడ్ పెరుగుతుంది. అదే చుట్టులో సమాన దూరంలో చాలా గ్లైడర్లు వదిలితే, ఒకదాని చోటికి ఇంకొకటి వచ్చేసరికి బొమ్మ మొదటిలాగే కనిపిస్తుంది, అంటే పీరియడ్ తగ్గుతుంది. చుట్టు పొడవు, గ్లైడర్ల సంఖ్య, ఈ రెండు మరలు తిప్పుకుంటూ కావలసిన సంఖ్య తెచ్చుకోవచ్చు.

ఎంత దాకా తగ్గించొచ్చు అన్నదే అసలు చిక్కు. సిల్క్ బోర్డు కూడలి దగ్గర మలుపు తిరిగే బస్సు పూర్తిగా తిరిగి వెళ్ళేదాకా వెనక బస్సు ఆగాల్సిందే కదా. ఇక్కడా అంతే. గ్లైడర్ వచ్చి తగలగానే ఆ అడ్డు కాసేపు చెదురుతుంది, గ్లైడర్‌ని కొత్త దారిలోకి పంపి, తర్వాత తన రూపం తను తెచ్చుకుంటుంది. ఈలోపు రెండో గ్లైడర్ వస్తే అంతా పోతుంది. 2013లో మైక్ ప్లేల్ కనిపెట్టిన స్నార్క్ అనే మలుపుకి ఆ తేరుకునే సమయం 43 తరాలు. అందుకే 43. ఆ పైన ఏ సంఖ్య అడిగినా స్నార్క్‌లతో చుట్టు కట్టి ఇచ్చేయొచ్చు. అంతకు ముందు 1996లో డేవిడ్ బకింగ్‌హామ్ హెర్షెల్ అనే బొమ్మని కాలవల్లాంటి దారుల్లో నడిపించి 61, ఆ పై అన్నింటినీ సాధించాడు. 61 నుంచి 43 కి దిగడానికి పదిహేడేళ్ళు పట్టింది.

కెఆర్‌పురం_కుర్రాడు

అన్నా, 43 కన్నా తొందరగా తేరుకునే మలుపు ఉంటే 41 వచ్చేది కదా? ఇంకెవరూ చేయలేదా?

గళ్ళనోటు

కదలని గళ్ళతో కట్టిన మలుపుల సంగతి నేను చెప్పింది. ఆసిలేటర్లతో కట్టిన మలుపులు కూడా ఉన్నాయి, కొన్ని ఇంకా తొందరగా తేరుకుంటాయి. కానీ ఆ మలుపు తన పీరియడ్‌కి కట్టుబడి ఉంటుంది. పీరియడ్ 30 ఆసిలేటర్‌తో చేసిన మలుపు 30 లయలోనే గ్లైడర్లని తిప్పుతుంది. 19 లయలో తిప్పాలంటే 19 ఆసిలేటర్ ముందే చేతిలో ఉండాలి. మనం వెతుకుతున్నదే అది. కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది.

ఇప్పుడు రెండో చివర నుంచి చూడు. పీరియడ్ 2, 3, 4 లాంటివి కంప్యూటర్ చేత నేరుగా వెతికించొచ్చు. ప్రతి గడికీ ఒక్కో తరంలో వెలిగిందా ఆరిందా అని రాసుకుంటూ, ఎక్కడ నియమం తప్పితే అక్కడి నుంచి వెనక్కి వచ్చి ఇంకో దారి పట్టే ప్రోగ్రాములు 1990ల నుంచే ఉన్నాయి. పీరియడ్ ఒకటి పెరిగితే ప్రతి గడికీ ఇంకో ప్రశ్న కలుస్తుంది. 10×10 చోటులో పీరియడ్ 2 కి రెండు వందల అవును-కాదులు, పీరియడ్ 19 కి వెయ్యి తొమ్మిది వందలు. చిన్న పీరియడ్ దగ్గర వెతుకులాట అందుతుంది, పెద్ద పీరియడ్ దగ్గర చుట్టు కట్టడం అందుతుంది. మధ్యలో ఉన్నవాటికి ఇదీ అందదు, అదీ అందదు. నీ ప్రశ్నకి జవాబు ఇదే. 19 చిన్నదీ కాదు పెద్దదీ కాదు.

పాతలెక్కలు

చాలా బాగా విడదీశారు. ఒకటి కలుపుతాను. ఆ మధ్య సంఖ్యల్లో చాలావరకు ఒక్కొక్కటీ ఒక్కో తీరున దొరికాయి. 15 కి పది గళ్ళ గీత కాన్వేకే కనపడింది. 30 కి క్వీన్ బీ షటిల్ బిల్ గాస్పర్‌ది, 1970లోనే. స్నార్క్ రాకముందే 46 ని కూడా ఆయనే మరుసటి ఏడాది పట్టాడు. పీరియడ్ 8 ఆసిలేటర్ ఫిగర్ ఎయిట్ సైమన్ నార్టన్‌ది, అది చూడముచ్చటైన బొమ్మ: 3×3 నిండు చదరాలు రెండు, మూలకి మూల తగిలేలా ఐమూలగా పెడితే చాలు. ఇందులో ఒకటి తెలిస్తే ఇంకొకటి వస్తుందన్న వరస లేదు. ఫార్ములాలతో అలవాటు పడ్డ నాలాంటి లెక్కల మాస్టారికి ఇది మొదట మింగుడు పడదు.

నా సందేహం వేరు. కంప్యూటర్ వెతికి పెట్టిన బొమ్మని గణిత నిరూపణ అనవచ్చునా? "ప్రతి పీరియడ్‌కీ ఆసిలేటర్ ఉంది" అనేది సిద్ధాంతమైతే, దాని వెనక ఒక కారణం ఉండాలి కదా. ఇక్కడ 43 పైవాటికి కారణం ఉంది, స్నార్క్ చుట్టు. కింది వాటికి జాబితా తప్ప ఏముంది?

జయనగర్_టీచర్

మాస్టారూ, నాకైతే అది పూర్తి నిరూపణే. "ఉంది" అని చెప్పడానికి ఒకటి చూపిస్తే చాలు, అందులో అనుమానానికి చోటు లేదు. బొమ్మ ఇస్తారు, నా ఏడో తరగతి పిల్ల కూడా పిక్కలు పెట్టుకుంటూ తరం తరం సరిచూడగలదు. పెద్ద పెద్ద నిరూపణల్లో అలా సరిచూసుకునే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది? 41 కి దొరికిన దాన్ని 204పి41 అంటారు, 204 గళ్ళు. చేత్తో కష్టమే గానీ అసాధ్యం కాదు.

గళ్ళనోటు

టీచర్ గారి మాటే నాదీ. అయితే కంప్యూటర్ గుడ్డిగా వెతికిందనుకుంటే పొరపాటు మాస్టారూ. ఏం చేస్తారంటే, బాగా చెలరేగే చిన్న బొమ్మ ఒకటి తీసుకుంటారు. దాన్ని అలాగే వదిలేస్తే పెరిగి చెదిరిపోతుంది. చుట్టూ కదలని గళ్ళనో చిన్న ఆసిలేటర్లనో కాపలా పెట్టి, పక్కకి పొంగిన ముక్కల్ని అవి తినేసేలా చేస్తారు, సరిగ్గా అన్ని తరాలకి బొమ్మ తన మొదటి రూపానికి రావాలి. దీన్ని హాస్లర్ అంటారు. ఏ బొమ్మ తీసుకోవాలి, కాపలా ఎంత దూరంలో, ఏ సౌష్ఠవంలో పెట్టాలి అన్న ఎంపిక మనిషిదే. ఆ ఎంపికల్ని కోట్ల రకాలుగా మార్చి చూడటం యంత్రం పని. ఈ ఎంపికలో ఉన్న నేర్పు చూస్తే నాకు గణితం అనే మాటకి ఏ లోటూ కనపడదు.

19 ని 2023లో మిచెల్ రైలీ పట్టాడు. దాని పేరు క్రిబేజ్. ఆ పేరుతో ఒక పేకాట ఉంది, అందులో చేతి ముక్కలకి 19 పాయింట్లు ఏ రకంగానూ రావు. ఎంత ముద్దొచ్చే పేరో. ఆ తర్వాత 41 ఒక్కటే మిగిలితే, జులైలో నికో బ్రౌన్ దాన్నీ ముగించాడు. డిసెంబర్‌లో ఏడుగురు కలిసి వ్యాసం రాశారు, గేమ్ ఆఫ్ లైఫ్‌లో అన్ని పీరియడ్లూ ఉన్నాయని. 1970లో మొదలైన ప్రశ్న అది. కాన్వే 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో పోయాడు, ఈ ముగింపు ఆయనకి చేరలేదు. నాకు అది నిజంగా బాధ.

పాతలెక్కలు

సంతోషం. చూపించడమూ నిరూపణే, ఒప్పుకుంటున్నాను. అయినా 43 లోపు అన్నింటినీ ఒకే కారణంతో పట్టే దారి ఎవరైనా చూపిస్తే చదవాలని ఉంది.

కెఆర్‌పురం_కుర్రాడు

రెండో పట్టీ తెచ్చి అతికించాను, పెంటాడెకాథ్లాన్ అద్భుతంగా ఆడుతోంది! పదిహేను తరాలు తీరిగ్గా ఊపిరి పీల్చి వదిలినట్టు ఉంది. పల్సర్ 48, 56, 72 గళ్ళుగా మారుతూ వెలుగుతుంటే గది వెలుతురే మారుతోంది.

ఇంకోటి అడగాలి. పిల్లలు బటన్ నొక్కితే గళ్ళు ఎలా పడితే అలా నింపి, అది చివరికి ఏ పీరియడ్‌లో స్థిరపడిందో బోర్డే చెప్పాలి. ఊనోలో ఉన్నది 2 కేబీ మెమరీ. పాత తరాలన్నీ దాచుకోలేను. ఎలా?

రాత్రిషిఫ్ట్

ఇది నా సబ్జెక్టు, నేను చెప్తా బ్రో. 16×32 అంటే 512 గళ్ళు, గడికి ఒక బిట్ చొప్పున 64 బైట్లు. రెండు బోర్డులు ఒకేసారి నడుపు. ఒకటి అడుగుకి ఒక తరం, రెండోది అడుగుకి రెండు తరాలు. రెండూ ఎప్పుడు ఒకేలా కనిపిస్తే అప్పటికి చక్రంలో పడ్డట్టే. తర్వాత ఒకదాన్ని ఆపేసి రెండోదాన్ని ఒక్కో తరం నడుపుతూ, మళ్ళీ కలిసేదాకా లెక్కపెట్టు. అదే పీరియడ్. తాబేలు-కుందేలు పద్ధతి అంటారు దీన్ని. తర్వాతి తరం రాసుకోవడానికి ఇంకో బోర్డు కావాలి, మొత్తం మూడు, 192 బైట్లు. ఊనోకి ఇది లెక్కలోది కాదు.

చక్రంలో పడుతుందని గ్యారంటీ ఏంటి అని అడుగుతావేమో. బోర్డు హద్దులున్నది, ఎన్ని రకాలుగా నింపినా 2 కి 512వ ఘాతం దాటదు. నియమంలో అదృష్టం పాత్ర లేదు, ఒకే స్థితి నుంచి ఎప్పుడూ ఒకే స్థితి వస్తుంది. కాబట్టి ఏదో ఒకనాడు పాత స్థితికి రావాల్సిందే, అక్కడి నుంచి చక్రం తప్పదు. అనంతమైన బల్ల మీద ఈ మాట చెల్లదు.

గళ్ళనోటు

ఒక జాగ్రత్త. అంచుల్ని ఎలా రాశావన్నది చూసుకో. కుడి అంచు దాటితే ఎడమ వైపు వచ్చేలా, పై అంచు దాటితే కింద వచ్చేలా కలిపి ఉంటే, గ్లైడర్ కూడా నీ బోర్డుకి ఆసిలేటర్‌లాగే కనిపిస్తుంది. 16×32 లో అది ఐమూలగా 32 గళ్ళు నడిస్తే గానీ రెండు దిక్కులా మొదటి చోటికి రాదు, గడికి నాలుగు తరాలు, మొత్తం 128. కాబట్టి బోర్డు 128 అని చూపిస్తే నిజమైన పీరియడ్ 128 దొరికిందని పిల్లలు గంతులేయకముందే ఒక గ్లైడర్ తిరుగుతోందేమో చూడు. ఎక్కువసార్లు 2 వస్తుంది, ఎలాపడితే అలా నింపిన బోర్డుల్లో అన్నింటికన్నా ఎక్కువగా మిగిలే ఆసిలేటర్ బ్లింకరే. అప్పుడప్పుడు పల్సర్ దానంతటదే పుట్టి 3 పలకడమో, బ్లింకర్ తోడై 6 పలకడమో జరుగుతుంది. అలా పలికిన రోజు ఆ పిల్లాడి మొహం చూడు.

జయనగర్_టీచర్

మా పిల్లల్లో ఒకమ్మాయి ఈ చర్చ చదివించుకుని అడిగింది: గాస్పర్ గన్ అనే బొమ్మ 30 తరాలకోసారి గ్లైడర్ వదులుతుంది కదా, అది ఆసిలేటర్ కాదా అని. గన్ మాత్రం 30 తరాలకి మొదటికి వస్తుంది మరి.

గళ్ళనోటు

ఆ అమ్మాయికి నా నమస్కారాలు చెప్పండి. గన్ తన వరకు మొదటికి వస్తుంది గానీ, వదిలిన గ్లైడర్లు బల్ల మీద పోగవుతూనే ఉంటాయి, కాబట్టి బొమ్మంతా ఎప్పటికీ మొదటికి రాదు. గళ్ళ సంఖ్య అంతులేకుండా పెరిగే బొమ్మ ఉందా లేదా తేల్చిన వాళ్ళకి కాన్వే 50 డాలర్ల బహుమతి పెడితే, గాస్పర్ బృందం 1970 నవంబర్‌లో ఈ గన్‌తోనే గెలిచింది.

దాన్ని ఆసిలేటర్ చేయాలంటే గ్లైడర్ల దారిలో ఈటర్ ఒకటి పెట్టండి. ఏడు గళ్ళ చిన్న కొక్కెం ఆకారం. గ్లైడర్ వచ్చి తగిలితే దాన్ని మింగేసి తను మళ్ళీ అదే రూపానికి వస్తుంది. తర్వాతి గ్లైడర్ 30 తరాల తర్వాత గానీ రాదు, ఈటర్ తేరుకోవడానికి అందులో కొంచెం చాలు. అప్పుడు గన్, మధ్యలో నడిచే గ్లైడర్లు, ఈటర్ అన్నీ కలిసి పీరియడ్ 30 ఆసిలేటర్. గన్ వెడల్పు 36 గళ్ళు కాబట్టి తమ్ముడి 32 గళ్ళ బోర్డులో పట్టదు. సుద్దగళ్ళ మీద వేయించండి టీచర్ గారూ, గన్‌కి 36 పిక్కలు, ఈటర్‌కి ఏడు. ఈటర్ ఒక్క గడి పక్కకి పడినా గ్లైడర్ దాన్ని పాడుచేస్తుంది, అందుకని ముందు ఈటర్‌నీ ఒక్క గ్లైడర్‌నీ విడిగా పెట్టి సరిచూసుకుని, ఆ తర్వాత గన్ వేయించండి.